గీజరుకూ వాషింగ్ మెషీనుకూ మధ్య తప్పు పైపు కనెక్షన్లు: డెల్టా ఇళ్ళవారు తరచుగా అడిగే ప్రశ్నలు

చలికాలం మొదలై, తెల్లవారుజామున కాలవ గట్ల మీద మంచు పరుచుకునే రోజులు రాగానే అమలాపురం, పాలకొల్లు, భీమవరం, రామచంద్రపురం వైపు ఇళ్ళ నుంచి నాకు ఒకే రకం ప్రశ్నలు వస్తుంటాయి. గీజరు ఎప్పుడో పెట్టించుకున్నారు, ఆ తరువాత వాషింగ్ మెషీను కొన్నారు, ఉన్న పైపుల్లోంచే మెషీనుకు ఒక బ్రాంచి లాగించారు. ఆ రోజు నుంచి స్నానానికి వేడి చాలడం లేదు, లేదా బట్టల రంగు దిగుతోంది, లేదా గోడలో ఎక్కడో పైపు కారుతోంది. ఇరవై ఏళ్ళుగా ఇళ్ళలో నీటి పైపుల పని చేయిస్తున్నవాడిగా నేను చూసినంతలో, ఇలాంటి ఇళ్ళలో చాలావాటికి గీజరులోనూ లోపం ఉండదు, మెషీనులోనూ ఉండదు. రెండింటి మధ్య వేసిన పైపులో ఉంటుంది. అందుకే ఆ ప్రశ్నలను, వాటికి నేను చెప్పే జవాబులను ఇక్కడ ఒక చోట పెడుతున్నాను.

తప్పు కనెక్షన్ అని దేన్ని అంటున్నారు?

ఇంట్లో చన్నీటి లైనూ వేడి నీటి లైనూ రెండూ పై ట్యాంకు నుంచే పుడతాయి. ట్యాంకు నుంచి దిగిన పైపు ఒక చోట చీలి, ఒక పాయ గీజరులోకి వెళ్ళి వేడెక్కి బయటికి వస్తుంది, రెండో పాయ నేరుగా కుళాయిలకు పోతుంది. ధవళేశ్వరం దాటాక గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలిన గోదావరి ఎవరి దారిన వారు అన్నట్టు సముద్రందాకా పోయినట్టే, ఈ రెండు పాయలు కూడా కుళాయి మూతి దగ్గర నీళ్ళు బయటపడేదాకా విడిగానే ఉండాలి. మధ్యలో, పైపు లోపల, రెండు వైపులా దారి తెరిచి ఉండేట్టు వాటిని కలిపితే అదే తప్పు కనెక్షన్. దీనికి తోడు గీజరు సేఫ్టీ వాల్వును తీసేయడం, వేడి లైనుకు తెల్ల పైపు వేయడం, మెషీనులోకి నీళ్ళు వెళ్ళే మూతుల్లో ఎర్ర ఇన్లెట్టునూ నీలం ఇన్లెట్టునూ తారుమారు చేయడం కూడా ఈ కోవలోకే వస్తాయి. వాటి సంగతి కింద విడివిడిగా చెబుతాను.

గీజరు వేసి గంటైనా స్నానాల గదిలో నీళ్ళు గోరువెచ్చగానే ఉంటున్నాయి, పైగా చన్నీళ్ళ కుళాయిలో వేడి నీళ్ళు వస్తున్నాయి. గీజరు పాడైందా?

పాడయ్యే అవకాశం తక్కువ. పాడైన గీజరు నీళ్ళను వేడి చేయదు; మీ ఇంట్లో నీళ్ళు వేడెక్కుతూనే ఉన్నాయి, కానీ వెళ్ళకూడని చోటికి వెళ్తున్నాయి.

పాలకొల్లు దగ్గర ఒక ఇంట్లో నేను చూసిన సంగతి చెబితే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. అప్పటికి ఆ గీజరును మూడుసార్లు విప్పారు, థర్మోస్టాట్ మార్చారు, ఎలిమెంటు కూడా మార్చారు. నేను వెళ్ళగానే ఆ ఇంటి పెద్దావిడ, "ముందు ఆ ఫ్లష్ ట్యాంకు మూత తీసి చెయ్యి పెట్టి చూడండి బాబూ" అన్నారు. చెయ్యి పెడితే నీళ్ళు స్నానానికి సరిపోయేంత వేడిగా ఉన్నాయి. అక్కడి నుంచి పైపు వెంట అరచెయ్యి ఆనించుకుంటూ వెళ్తే, ఆ వెచ్చదనం వెనక వసారాలో ఉన్న వాషింగ్ మెషీను దగ్గరికి తీసుకుపోయింది. మెషీను వెనక, సబ్బు పొడి గడ్డకట్టి అంటుకున్న గోడ మీద, ఒక టీ, అంటే మూడు మూతుల జాయింటు, కనిపించింది. దానికి ఒక పక్క గీజరు నుంచి వచ్చిన లైను, ఇంకో పక్క చన్నీటి లైను, రెండింటికీ చెరొక బాల్ వాల్వు, మధ్య మూతికి మెషీను హోసు. రెండు వాల్వులూ పూర్తిగా తెరిచే ఉన్నాయి.

మెషీను నీళ్ళు తీసుకుంటున్నంతసేపూ ఆ టీ వల్ల పెద్ద నష్టం కనిపించదు. కానీ మెషీను ఆగగానే దాని లోపలి వాల్వు మూసుకుంటుంది, అప్పుడు టీ మధ్య మూతికి దారి ఉండదు, మిగిలిన రెండు మూతులూ ఒకదానికొకటి తెరుచుకుని ఉంటాయి. ఇంట్లోని వేడి లైను, చన్నీటి లైను ఒకే గొట్టం అయిపోయాయన్నమాట. స్నానాల గదిలో వేడి కుళాయి తిప్పితే నీళ్ళు రెండు దారుల్లో వస్తాయి: ఒకటి గీజరు లోంచి, రెండోది చన్నీటి లైను నుంచి టీ మీదుగా వెనక్కి. గీజరు దారిలో సేఫ్టీ వాల్వు, సన్నటి ఇన్లెట్టు అడ్డు ఉంటాయి కాబట్టి టీ దారిలోనే ఎక్కువ నీళ్ళు వస్తాయి. అందుకే గోరువెచ్చగా ఉంటాయి. అదే విధంగా ఫ్లష్ ట్యాంకు నిండేటప్పుడు గీజరులోని వేడి నీళ్ళు టీ మీదుగా చన్నీటి లైనులోకి జారిపోతాయి. గీజరు మాత్రం పాపం ఆగకుండా కాచుతూనే ఉంటుంది, కరెంటు మీటరు తిరుగుతూనే ఉంటుంది. ఆ ఇంట్లో నేను చేసిన పని, టీ కోసేసి చన్నీటి లైను ఒక్కటే మెషీనుకు ఉంచి, గీజరు లైనుకు ఎండ్ క్యాప్ వేయడం. మరుసటి రోజు స్నానానికి బకెట్లో చన్నీళ్ళు కలుపుకోవలసి వచ్చింది.

మేము టీ ఏమీ పెట్టలేదు, మెషీను హోసును వాల్ మిక్సర్ కుళాయికే తగిలించాం. అదీ తప్పేనా?

అవును, ఇది ఇంకా ఎక్కువగా కనిపించే తప్పు. వాల్ మిక్సర్ లోపల వేడి, చన్నీళ్ళు కలుస్తాయి, కానీ మామూలుగా దాని మూతి గాలిలోకి తెరిచి ఉంటుంది కాబట్టి ఒక దానిలోంచి ఇంకోదానిలోకి నెట్టుకుపోవు. ఆ మూతికి మెషీను హోసు బిగించి రెండు నాబ్‌లూ తెరిచి వదిలేస్తే, మెషీను ఆగిన క్షణం నుంచీ మిక్సరే పైన చెప్పిన టీ అయిపోతుంది. మిక్సర్‌కు హెల్త్ ఫాసెట్ తగిలించి, ట్రిగ్గర్ వదిలేసి, వెనక కుళాయిలు కట్టకుండా వెళ్ళిపోయినా ఇదే జరుగుతుంది. మెషీనుకు విడిగా ఒక చన్నీటి కుళాయి పెట్టించుకోవడమే సరైన మార్గం. అది వీలయ్యేదాకా, మెషీను పని అయిన వెంటనే మిక్సర్ రెండు నాబ్‌లూ కట్టేయండి.

ఈ లోపం మా ఇంట్లో ఉందో లేదో మేమే తెలుసుకోవచ్చా?

తెలుసుకోవచ్చు, పానా కూడా అవసరం లేదు. ముందుగా గీజరు స్విచ్ ఆపేయండి. తరువాత గీజరుకు చన్నీళ్ళు వెళ్ళే పైపు మీద ఉన్న వాల్వు పూర్తిగా కట్టేయండి. ఇప్పుడు ఏదో ఒక వేడి నీటి కుళాయి, కేవలం వేడి నాబ్ మాత్రమే, తిప్పి పెట్టండి. కొద్దిసేపు ధార వచ్చి సన్నబడి ఆగిపోతే మీ లైన్లు విడిగా ఉన్నట్టు. వాల్వు కట్టిన తరువాత కూడా నిమిషాల తరబడి అదే ధారతో నీళ్ళు వస్తుంటే, అవి గీజరులోంచి రావడం లేదు, చన్నీటి లైను నుంచి ఎక్కడో అడ్డదారిలో వస్తున్నాయి.

ఆ అడ్డదారి ఎక్కడో పట్టుకోవడానికి, కుళాయి అలాగే పారుతుండగా మెషీను వెనక వాల్వులు ఒకటొకటిగా కట్టి చూడండి. ఏ వాల్వు కట్టినప్పుడు ధార ఆగిందో అక్కడే లోపం. మెషీను దగ్గర ఆగకపోతే సింకు మిక్సర్, షవర్ డైవర్టర్ వంతు. సింగిల్ లివర్ మిక్సర్లలో లోపలి కాట్రిడ్జి అరిగినా నీళ్ళు ఇలాగే అటూ ఇటూ దాటిపోతాయి. పరీక్ష అయ్యాక గీజరు ఇన్లెట్ వాల్వు మళ్ళీ తెరిచి, వేడి కుళాయిలో ధార గాలి లేకుండా నిండుగా వచ్చిన తరువాతనే స్విచ్ వేయాలి. ఈ ఒక్క మాట మరచిపోకండి, గీజరులో నీళ్ళు లేకుండా స్విచ్ వేస్తే ఎలిమెంటు నిమిషాల్లో కాలిపోతుంది.

మా మెషీనుకు వెనక ఒకటే ఇన్లెట్టు ఉంది. గీజరు లైను దానికి పెడితే కరెంటు ఆదా కాదా?

కాదు, పెట్టకూడదు కూడా. ఒకే ఇన్లెట్టు ఉన్న మెషీను చన్నీళ్ళ కోసం తయారైనది. ముందు తలుపు ఉన్న ఫ్రంట్ లోడ్ మెషీన్లలో నీళ్ళు కాచే ఎలిమెంటు లోపలే ఉంటుంది, అది ఆ విడత ఉతుకుకు కావలసిన కొద్ది నీళ్ళను, కావలసినంత వేడికి మాత్రమే కాచుతుంది. మీరు బయటి నుంచి వేడి నీళ్ళు పంపితే ఉతకడానికే కాక జాడించడానికి కూడా అవే వెళ్తాయి, అంటే రెండు మూడుసార్లు వేడి నీళ్ళు వృథా. పైగా నెత్తురు, గుడ్డు, పాలు వంటి మరకలు మొదటే వేడి నీళ్ళు తగిలితే బట్టలో గట్టిపడి ఇక వదలవు; మంచి డిటర్జెంటులోని ఎంజైములు కూడా మరీ వేడి నీళ్ళలో పనిచేయవు. గీజరు థర్మోస్టాట్ పైకి పెట్టి ఉంటే నీళ్ళు 70 డిగ్రీల దాకా రావచ్చు, అంతటి వేడికి చన్నీళ్ళ హోసు, దాని లోపలి రబ్బరు వాషరు, మెషీను ఇన్లెట్ వాల్వులోని పొర మెత్తబడిపోతాయి. ఒక ఇంట్లో హోసు మొదట్లో, నట్టు పక్కనే, వేలెడంత మేర ఉబ్బి ఉండగా చూశాను. అది రాత్రి పూట పగిలి ఉంటే, కుళాయి తెరిచే ఉంటుంది కాబట్టి, పై ట్యాంకు మొత్తం ఇంట్లోకి దిగేది.

రెండు ఇన్లెట్లు ఉన్న టాప్ లోడ్ మెషీనుకు ఎలా కలపాలి?

రెండు కుళాయిలు, రెండు హోసులు, రెండు లైన్లు. ఎర్ర రంగు లేదా వేడి గుర్తు ఉన్న ఇన్లెట్టుకు గీజరు లైను, నీలం రంగు ఉన్నదానికి ట్యాంకు లైను. రెండు కుళాయిలకూ ముందు నీళ్ళను వెనక్కి రానివ్వని చెరొక నాన్ రిటర్న్ వాల్వు, మనవాళ్ళు ఎన్ఆర్‌వీ అనేది, బాణం గుర్తు మెషీను వైపు చూసేట్టు పెట్టించండి. మెషీను లోపల వేడి, చన్నీళ్ళ వాల్వులు పక్కపక్కనే ఉంటాయి. ఒక దానిలో ఇసుక రేణువు ఇరుక్కుని పూర్తిగా మూసుకోకపోతే అక్కడ కూడా రెండు లైన్లు కలిసిపోతాయి. ఎన్ఆర్‌వీ ఉంటే ఆ తప్పు మెషీను దాటి ఇంట్లోకి రాదు. వేడి నీళ్ళు ఎంతవరకు ఉండవచ్చో మెషీనుతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది, అంతకు మించకుండా గీజరు నాబ్ సరిచేసుకోవాలి.

గీజరు లైను ఇవ్వడం వీలుకాని ఇళ్ళలో, పుస్తకం ఒప్పుకుంటే, చన్నీటి కుళాయికే వై జాయింటు పెట్టి రెండు ఇన్లెట్లకూ చన్నీళ్ళే ఇవ్వవచ్చు. ఈ వై జాయింటుకూ పైన తప్పు అని చెప్పిన టీకీ తేడా గమనించండి. ఒకే చన్నీటి లైను రెండుగా చీలితే ప్రమాదం లేదు. వేడిదీ చన్నీటిదీ వచ్చి ఒకటైతేనే ప్రమాదం.

రెండు హోసులు తారుమారైతే ఏమవుతుంది?

మెషీను ఆగదు, తప్పు చూపదు, అందుకే చాలా రోజులు తెలియదు. మీరు చన్నీళ్ళ ఉతుకు నొక్కితే వేడి నీళ్ళు వస్తాయి, వేడి నొక్కితే చన్నీళ్ళు వస్తాయి. బండారులంక నేత చీరలు, కొత్త లుంగీలు రంగు దిగి పక్క బట్టలకు అంటుకున్నాయని, నూలు చొక్కాలు కురచబడ్డాయని వచ్చిన ఫిర్యాదుల్లో కొన్ని చివరికి ఇక్కడే తేలాయి. చన్నీళ్ళ ఉతుకు పెట్టి, ఒక నిమిషం తరువాత రెండు హోసులనూ చేత్తో తాకి చూస్తే తెలిసిపోతుంది.

గీజరు కింద సేఫ్టీ వాల్వు నుంచి చుక్కలు పడుతున్నాయి. ప్లంబరు ఆ రంధ్రం మూసేస్తూ డమ్మీ బిగించాడు. ఫరవాలేదా?

ఫరవాలేదు అని నేను చెప్పలేను. ఆ డమ్మీ ఈ రోజే తీయించండి.

నీళ్ళు వేడెక్కితే ఉబ్బుతాయి. 25 డిగ్రీల నీళ్ళు 70 డిగ్రీలకు చేరేసరికి సుమారు నూటికి రెండు వంతులు పెరుగుతాయి, అంటే 15 లీటర్ల గీజరులో దాదాపు 300 మిల్లీలీటర్లు, 25 లీటర్ల దానిలో అర లీటరు. గీజరు ఇన్లెట్టులో ఉండే సేఫ్టీ వాల్వు రెండు పనులు చేస్తుంది: గీజరులోకి వెళ్ళిన నీళ్ళను చన్నీటి లైనులోకి తిరిగి రానివ్వదు, లోపల ఒత్తిడి మితిమీరితే ఆ ఎక్కువ నీటిని చుక్కలుగా బయటికి వదులుతుంది. కాచేటప్పుడు నాలుగు చుక్కలు పడటం దాని ధర్మం. ఆ రంధ్రం మూసేస్తే ఉబ్బిన నీటికి పోయే చోటు ఉండదు. చాలా స్టోరేజి గీజర్లను 6.5 లేదా 8 బార్ల ఒత్తిడి తట్టుకునేట్టు తయారుచేస్తారు. థర్మోస్టాట్ కూడా అదే రోజు అంటుకుపోతే ఒత్తిడి ఆ గీత దాటుతుంది, అప్పుడు ట్యాంకు పగలడం అనేది మాటవరసకు చెప్పే భయం కాదు.

కాచనప్పుడు కూడా, రోజంతా ధారగా కారుతుంటే అది వేరే విషయం. వాల్వులో మడ్డి చేరి ఉండాలి, లేదా లైనులో ఒత్తిడి ఎక్కువై ఉండాలి. వాల్వు మార్చించండి, మూయించకండి. చుక్కల నీటిని సన్నటి గొట్టంతో నేల మీది జాలీ దాకా తీసుకుపోవచ్చు, కానీ ఆ గొట్టం చివర ఎప్పుడూ తెరిచి ఉండాలి. మెషీను డ్రెయిన్ పైపులోకి దూర్చి బిగించకూడదు.

సేఫ్టీ వాల్వు తీసేసి మామూలు నిప్పిలు (రెండు పైపులను కలిపే పొట్టి గొట్టం) వేసిన ఇళ్ళలో ఇంకో చిక్కు ఉంది. మేడ మీద గీజరు, కింద వాకిట్లో మెషీను ఉన్న ఇంట్లో, పై ట్యాంకు ఖాళీ అయినప్పుడు కింద మెషీను నీళ్ళు లాగితే గీజరులోని నీళ్ళు ఇన్లెట్టు గుండానే వెనక్కి దిగిపోతాయి. ఆ సంగతి తెలియక స్విచ్ వేస్తే ఖాళీ ట్యాంకులో ఎలిమెంటు కాలుతుంది.

సెమీ ఆటోమాటిక్ మెషీనులో హోసును టబ్బులోకి వదిలేస్తాం. దానివల్ల ఏమైనా ఇబ్బందా?

హోసు చివర సబ్బు నీళ్ళలో మునిగి ఉంటే ఇబ్బందే. కుళాయి తెరిచి ఉండగా పై ట్యాంకు ఖాళీ అయి, కింద ఇంకెవరో కుళాయి తిప్పితే, పైపులో పుట్టే లాగుడుకు టబ్బులోని సబ్బు నీళ్ళు పైపులోకి ఎక్కుతాయి. అదే లైను వంటగదికీ పోతుంటే ఆ నీళ్ళు ఎక్కడికి వెళ్తాయో నేను చెప్పనక్కర లేదు. హోసు చివరను టబ్బు అంచు మీద, నీటి మట్టానికి కనీసం నాలుగు వేళ్ళ ఎత్తున క్లిప్పుతో నిలపండి. ఈ జాగ్రత్త ముఖ్యంగా ఎండాకాలంలో కావాలి. దాళ్వా (రెండో పంట) కోతలయ్యాక కాలవలు కట్టేసిన రోజుల్లో పంచాయతీ నీళ్ళు చెరువు నిల్వ మీద ఆధారపడతాయి, కుళాయి వేళలు తగ్గుతాయి, ఇళ్ళ ట్యాంకులు మధ్యాహ్నానికే అడుగంటుతాయి.

వేడి లైనుకు తెల్ల పైపు వేస్తే నష్టమా? దుకాణంలో రెండూ ఒకటే అన్నారు.

రెండూ ఒకటి కావు. తెల్లటి యూపీవీసీ పైపు చన్నీళ్ళ కోసం తయారైనది. ఐఎస్ 4985 ప్రమాణం ప్రకారం వచ్చే పైపులు 45 డిగ్రీలు దాటని నీటికి ఉద్దేశించినవి. లేత పసుపు రంగులో ఉండే సీపీవీసీ పైపులు, ఐఎస్ 15778 ముద్ర ఉన్నవి, 82 డిగ్రీల దాకా వేడి నీటికి పనికివస్తాయి. రెండింటి అంటు జిగురు కూడా వేరు. తెల్ల పైపు జిగురుతో సీపీవీసీ జాయింటు వేస్తే మొదటి చలికాలం గడుస్తుందేమో, రెండోది గడవదు.

ఇక్కడ మళ్ళీ మెషీను దగ్గరి టీ ప్రసక్తి వస్తుంది. ప్లంబరు గీజరు లైనుకు సీపీవీసీయే వేసి ఉండవచ్చు, చన్నీటి లైను తెల్లదే కదా. టీ వల్ల వేడి నీళ్ళు ఆ తెల్ల లైనులోకి వెనక్కి వస్తే, క్లాంపుల మధ్య పైపు వాలిపోతుంది, ఎల్బోల దగ్గర జాయింటు వదులవుతుంది. మెషీనుకు మూడు గజాల దూరంలో, గోడ లోపల చెమ్మ కనిపించిందంటే కారణం అక్కడ వెతకాలి. మనకు నేలలోంచే చెమ్మ ఎక్కే ఊళ్ళు చాలా ఉన్నాయి కాబట్టి ఇలాంటి చెమ్మను కూడా భూమి చెమ్మే అనుకుని రంగులు వేయించుకుంటూ పోతారు. భూమి చెమ్మ నేల నుంచి నడుము ఎత్తుదాకా సమానంగా ఉంటుంది. పైపు చెమ్మ ఒక చోట మచ్చగా మొదలై కిందికి దిగుతుంది.

గీజరు మీదుగా పెడితే మెషీను నీళ్ళు రావడం లేదని చూపిస్తోంది. ఎందుకు?

ఎత్తు చాలకపోవడం వల్ల. పది మీటర్ల ఎత్తు నీరు సుమారు ఒక బార్ ఒత్తిడి ఇస్తుంది. డాబా మీద ట్యాంకు, పై అంతస్తులోనే మెషీను ఉంటే మధ్య ఎత్తు రెండున్నర మూడు మీటర్లు, అంటే పావు బార్‌కు కొంచెం అటూ ఇటూ. చాలా మెషీన్ల పుస్తకాల్లో కనీసం 0.3 నుంచి 0.5 బార్ అడుగుతారు. గీజరు, సేఫ్టీ వాల్వు, రెండు ఎల్బోలు దాటి వచ్చేసరికి ఆ కాస్తా తగ్గిపోతుంది.

దీనికి ప్రెషర్ పంపు పెట్టేవాళ్ళు చేసే పొరపాటు ఒకటుంది. పంపును చన్నీటి పాయ మీద మాత్రమే పెడతారు, గీజరు పాయను పంపు ముందు నుంచి తీస్తారు. అప్పుడు ఎక్కడ ఏ మిక్సర్ తెరిచినా చన్నీళ్ళు వేడి లైనులోకి నెట్టుకుపోతాయి. సేఫ్టీ వాల్వు లేని ఇంట్లో అయితే ఆ నీళ్ళు గీజరు దాటి తిరిగి పై ట్యాంకుకే చేరతాయి, పంపు ఆగకుండా ఆడుతూనే ఉంటుంది. పంపు పెడితే రెండు పాయలు చీలక ముందే పెట్టాలి, గీజరు ఎంత ఒత్తిడి తట్టుకుంటుందో చూసుకుని పెట్టాలి.

మెషీను నీళ్ళు ఆపినప్పుడల్లా గోడలో ఢబ్‌మని శబ్దం వస్తోంది.

మెషీను వాల్వు కుళాయిలా మెల్లగా కాదు, ఒక్కసారిగా మూసుకుంటుంది; పరుగు మీదున్న నీళ్ళు ఆగి పైపును కొడతాయి. మెషీను కుళాయిని సగం మాత్రమే తెరవండి, వదులైన క్లాంపులు బిగించండి. శబ్దం తగ్గకపోతే, ముఖ్యంగా ప్రెషర్ పంపు ఉన్న ఇళ్ళలో, ఆ దెబ్బను తీసుకునే హామర్ అరెస్టర్ పెట్టించాలి.

మన నీళ్ళ వల్ల ఈ వాల్వులకు ప్రత్యేకంగా ఏమైనా ఇబ్బంది ఉందా?

ఉంది, డెల్టాలో పని చేసేవాళ్ళు దీన్ని లెక్కలోకి తీసుకోకపోతే మంచి కనెక్షన్ కూడా ఏడాదిలో చెడిపోతుంది. జూలై, ఆగస్టు నెలల్లో గోదావరికి ఎర్రనీరు తగిలితే కాలవల్లో సన్నటి ఒండ్రు వస్తుంది. ఎంత వడపోసినా కొంత ట్యాంకు అడుగున చేరుతుంది, అక్కడి నుంచి మెషీను ఇన్లెట్టులోని సన్న జల్లెడలోకి, ఎన్ఆర్‌వీ పొర మీదికి చేరుతుంది. జల్లెడ పూడితే మెషీనుకు నీళ్ళు రావు. ఎన్ఆర్‌వీలో ఒక రేణువు ఇరుక్కుంటే అది మూసుకోదు, అంటే లేనట్టే. వరదల తరువాత ఒకసారి, సంక్రాంతికి ముందు ఒకసారి ట్యాంకు కడిగించి, జల్లెడను పాత పళ్ళ బ్రష్షుతో శుభ్రం చేసుకోండి. పండుగ మూడు రోజులూ ఇంటినిండా మనుషులు ఉన్నప్పుడు గీజరూ మెషీనూ ఊపిరాడకుండా పనిచేస్తాయి, దాగి ఉన్న తప్పులన్నీ అప్పుడే బయటపడతాయి.

సఖినేటిపల్లి, అంతర్వేది, అల్లవరం, మొగల్తూరు వంటి తీరపు ఊళ్ళలో బోరు నీళ్ళు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి. ఉప్పు నీళ్ళలో గీజరు లోపలి మెగ్నీషియం రాడ్డు త్వరగా కరిగిపోతుంది. ట్యాంకు తుప్పు పట్టకుండా తాను కరిగేందుకే దాన్ని పెడతారు. అది పూర్తిగా కరిగాక తుప్పు ట్యాంకును తినడం మొదలుపెడుతుంది, ఆ తుప్పు పొట్టు వేడి లైను గుండా వచ్చి తెల్ల బట్టల మీద గోధుమ రంగు మచ్చలు వేస్తుంది. అలాంటి చోట్ల ఏడాదికి ఒకసారి రాడ్డు తీసి చూడాలి. మెషీనుకు మాత్రం బోరు నీటి కంటే పంచాయతీ నీళ్ళు మేలు.

రెండింటినీ ఒకే ప్లగ్గు పాయింటుకు పెట్టవచ్చా? మెషీను ముట్టుకుంటే చిమచిమలాడుతోంది.

2000 వాట్ల గీజరు ఒక్కటే 230 వోల్టుల వద్ద దాదాపు 8.7 యాంపియర్లు లాగుతుంది. ఎలిమెంటు ఉన్న మెషీను ఇంచుమించు అంతే లాగుతుంది. రెండూ కలిస్తే 16 యాంపియర్ల పాయింటు దాటిపోతుంది. విడివిడి పాయింట్లు, లోడు మితిమీరితే కరెంటు ఆపే విడివిడి ఎంసీబీలు పెట్టించండి.

చిమచిమలాడటం అంతకంటే తీవ్రమైన విషయం. వెంటనే మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. గీజరు ఎలిమెంటు పగిలి, ఎర్తింగు సరిగా లేకపోతే, కరెంటు ఇనుప పైపుల మీదుగానో తీగ అల్లిక ఉన్న కనెక్షన్ పైపు మీదుగానో మెషీను దాకా రావచ్చు. మెషీనులో ఏ లోపమూ లేకపోయినా దాని ఒంటి మీద షాకు కొడుతుంది. తడి చేతులతో, చెప్పులు లేకుండా బట్టలు తీసే చోటది. కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ లేని ఇంట్లో గీజరు గానీ మెషీను గానీ వాడవద్దని నేను అందరికీ చెబుతాను. తీరపు ఊళ్ళలో ఎర్తు గొట్టం ఉప్పుకు తినేసి ఉంటుంది, దాన్ని కూడా కొలిపించండి.

సోలార్ హీటరు నుంచి మెషీనుకు లైను ఇవ్వవచ్చా?

నేరుగా వద్దు. ఎండాకాలంలో సోలార్ ట్యాంకు నీళ్ళు 70 డిగ్రీలు దాటడం మామూలే, దాన్ని తగ్గించే నాబ్ ఉండదు. వేడి ఇన్లెట్టు ఉన్న మెషీనుకే, మధ్యలో వేడిని కట్టడి చేసే మిక్సింగ్ వాల్వు పెట్టి ఇవ్వాలి.

ఎవరిని పిలవాలి, పని అయ్యాక ఏం చూసుకోవాలి?

మెషీను బిగించడానికి వచ్చే మెకానిక్ పని కుళాయి దాకానే. గోడలోని పైపుల తప్పు అతనికి కనిపించదు. ప్లంబరును పిలిచి, "వేడి లైనూ చన్నీటి లైనూ కలిసిన చోటు వెతికి విడదీయాలి" అని సూటిగా చెప్పండి. అద్దె ఇల్లయితే పైన చెప్పిన పరీక్షను ఇంటివారి ఎదుటే చేసి చూపించండి, ఎవరు ఖర్చు పెట్టాలన్న వాదన అక్కడే తేలిపోతుంది.

పని పూర్తయ్యాక ప్లంబరు సామాను సర్దుకోకముందే మూడు పనులు చేయించండి. గీజరు ఇన్లెట్టు కట్టి వేడి కుళాయి ధార ఆగుతుందో లేదో మీ కళ్ళతో చూడండి. సేఫ్టీ వాల్వు మీది చిన్న పిడి ఎత్తి, నీళ్ళు చిమ్ముతున్నాయో చూడండి. అప్పుడు ఆ నీళ్ళు వేడిగా ఉంటాయి కాబట్టి ముఖం పక్కకు పెట్టండి. చివరగా, వసారా గోడ మీద రెండు కుళాయిల పక్కన ఎర్ర రంగుతో ఒక చుక్క, నీలం రంగుతో ఒక చుక్క పెట్టించండి. రెండేళ్ళ తరువాత మెషీను మార్చినప్పుడు వచ్చే కొత్త మనిషికి ఏ లైను ఏదో ఆ చుక్కలే చెబుతాయి.